ట్రిబుల్స్ లెక్క నోటికొచ్చింది కాదు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ స్టార్ ట్రెక్ పాత ఎపిసోడ్ల మీద వచ్చిన వ్యాసం బాగుంది. ఒక్క చోట మాత్రం వ్యాసకర్తతో పేచీ ఉంది. ‘ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ఎపిసోడ్‌లో గిడ్డంగి మూత తెరుచుకుని, లోపలున్న ట్రిబుల్స్ అనే బొచ్చు జీవులన్నీ ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక కెప్టెన్ కర్క్ నెత్తిన కుప్పగా పడతాయి. అవి ఎన్నో పక్కనున్న అతని సహాయాధికారి స్పాక్ ఒకట్ల స్థానంతో సహా చెబుతాడు. ఆ అంకె నవ్వించడానికి నోటికొచ్చినట్టు చెప్పించినదని మీ వ్యాసంలో రాశారు. అది కరెక్టుగా కుదిరే లెక్క. కాగితం మీద నాలుగు వరుసలు వేస్తే ఎవరికైనా వస్తుంది. ఆ ఎపిసోడ్‌లో హాస్యం అంత గట్టిగా నిలబడటానికి లెక్క నిజం కావడమే కారణమని నా అభిప్రాయం. లొసుగులూ ఉన్నాయి. అయితే అవి మీ వ్యాసకర్త వెతికిన చోట లేవు.

చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో. అమెరికాలో ఎన్‌బీసీ చానల్ 1967 డిసెంబర్ 29న దీన్ని ప్రసారం చేసింది. రచయిత డేవిడ్ జెరాల్డ్‌కు అప్పటికి 23 ఏళ్లు. దర్శకుడు జోసెఫ్ పెవ్నీ. షెర్మన్ గ్రహం కోసం ఫెడరేషన్‌కూ (కర్క్ పక్షం, భూమి ఉన్న గ్రహాల కూటమి) వాళ్ల శత్రుజాతి క్లింగన్లకూ పోటీ. ఆ గ్రహాన్ని ఎవరు సమర్థంగా అభివృద్ధి చేయగలరో వాళ్లకే దక్కాలని ఒప్పందం. అక్కడి నేలలో పండే భూలోకపు ధాన్యం ఒక్కటే, క్వాడ్రోట్రిటికేల్. కే-7 అనే అంతరిక్ష కేంద్రంలో ఆ ధాన్యం నిల్వ ఉంది. దాని కాపలాకు ఎంటర్‌ప్రైజ్ నౌకను పిలిపిస్తారు. సరిగ్గా అప్పుడే సైరానో జోన్స్ అనే ఊరూరా తిరిగే వర్తకుడు ట్రిబుల్స్ అమ్ముకోవడానికి దిగుతాడు. ట్రిబుల్ అంటే ఒక బొచ్చు ముద్ద. కాళ్లు కనపడవు, కళ్లు కనపడవు. చేతిలోకి తీసుకుని నిమిరితే సన్నగా కూస్తుంది. తిండి పెడితే పిల్లల్ని పెడుతుంది. అంతకుమించి దానికి పనేమీ లేదు. నౌకలోని డాక్టర్ మెకాయ్ పరీక్షించి, ఇవి పుట్టడమే కడుపుతో పుడుతున్నట్టున్నాయని తేలుస్తాడు.

ఇక లెక్క. స్పాక్ తన అంకెతో పాటు షరతులు కూడా చెబుతాడు. మొదట ఒక్క ట్రిబుల్, ఈతకు సగటున పది పిల్లలు, పన్నెండు గంటలకో తరం, మొత్తం మూడు రోజులు. మూడు రోజులంటే 72 గంటలు, అంటే ఆరు తరాలు. తల్లి ఒకటి, పిల్లలు పది, వెరసి పదకొండు. కాబట్టి ప్రతి పన్నెండు గంటలకూ ఉన్న సంఖ్యను పదకొండుతో గుణిస్తూ పోవాలి. 1, 11, 121, 1,331, 14,641, 1,61,051, చివరికి 17,71,561. స్పాక్ చెప్పింది అదే, ఒక్కటి కూడా తేడా లేదు.

ఛందస్సు చదివినవారికి ఈ వరుసలో మొదటి ఐదు అంకెలూ పాత పరిచయమే. పింగళుడి ఛందస్సూత్రాలకు హలాయుధుడు రాసిన వ్యాఖ్యలోని మేరు ప్రస్తారం అనే అంకెల త్రిభుజంలో వరుసలు ఇవే: 1, 1-1, 1-2-1, 1-3-3-1, 1-4-6-4-1. ఆ తర్వాతి వరుస 1-5-10-10-5-1. అందులో పదులు వచ్చాయి కాబట్టి ‘చేతికొకటి’ మోసుకుంటూ కూడితే 1,61,051 అవుతుంది. గురులఘువుల లెక్కకు పుట్టిన మేరువుకు ట్రిబుల్స్ దగ్గర పనిపడుతుందని ఎవరనుకుంటారు!

తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇస్తే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. కొందరు పదిని ఆరుసార్లు గుణించి 10,00,000 అంటారు. కొందరు ఒకటి, పది, వంద అంటూ ఆరో తరం దాకా రాసి, అన్నీ కూడి 11,11,111 అంటారు. మిగిలినవాళ్లు 17,71,561 అంటారు. మొదటి రెండింటినీ ఎర్ర సిరాతో కొట్టేయడం తొందరపాటు. ఈనగానే తల్లి చచ్చిపోతే పది లక్షలే సరైన జవాబు. తల్లి బతికే ఉండి మళ్లీ ఈనకపోతే పదకొండు లక్షల చిల్లర సరైనది. తల్లి చావకుండా, ఆగకుండా, ప్రతి పన్నెండు గంటలకూ తన పిల్లలతో పాటు తానూ మళ్లీ ఈనితేనే స్పాక్ అంకె వస్తుంది. లెక్క ఒకటే, జంతువు స్వభావాన్ని బట్టి జవాబు మారుతుంది. తేడా ఏడు లక్షల పైమాటే. ఆహారంలో సగానికి పైగా పిల్లల్ని కనడానికే పోతుందని మెకాయ్ ముందే చెప్పి ఉంటాడు కనుక స్పాక్ మూడో దారి పట్టడం కథకు సరిపోయింది.

ఈ లెక్కలో నన్ను బాగా ఆకట్టుకునేది ఆఖరి మెట్టు. 17,71,561లోంచి 1,61,051 తీసేస్తే 16,10,510. అంటే గిడ్డంగిలో ఉన్నవాటిలో నూటికి 91 ఆఖరి తరానివే. అంతకు పన్నెండు గంటల ముందు ఎవరైనా ఆ మూత తీసి చూసి ఉంటే పదకొండో వంతు ట్రిబుల్సే కనిపించేవి. ఇరవై నాలుగు గంటల ముందైతే 14,641, అంటే నూట ఇరవై ఒకటో వంతు. అంత పెద్ద రాశిలో కింద ఎక్కడో మెసలుతున్న పద్నాలుగు వేలు పైనుంచి చూసేవాడి కంటికి ఆనవు. కర్క్ పెట్టిన కాపలావాళ్లు చేతకానివాళ్లేం కాదు. వాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు, ట్రిబుల్స్ గాలి గొట్టాల్లోంచి వచ్చాయి. పైగా నిన్న చూసి బాగుందనుకున్న సరుకు ఇవాళ్టికి ఖాళీ అయ్యేంత వేగం వాటిది.

ధాన్యం గోదాముల్లో పనిచేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. బియ్యానికీ గోధుమకూ పట్టే ముక్కుపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే తిని, లోపలే పెరిగి, పెద్దదయ్యాక గింజను తొలుచుకుని బయటికొస్తుంది. కాబట్టి బస్తా మీద పాకుతూ కనిపించేవి లోపలున్నవాటిలో కొద్ది భాగమే. పైపైన గుప్పెడు తీసి చూస్తే చాలదు. బస్తా నడుమ నుంచి బొంగు గొట్టంతో నమూనా లాగాలి. గింజల్ని నీళ్లలో వేస్తే తొలిచినవి తేలతాయి. రాశి లోపల చెయ్యి పెడితే వేడి తగిలిందంటే పురుగు ముదిరిందనే. కే-7లో ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేసినా కర్క్ నెత్తిన ఆ వాన పడేది కాదు, మనకు ఎపిసోడూ ఉండేది కాదు.

స్పాక్ మాటకు కర్క్ ఒక సందేహం లేవదీస్తాడు. అవి మూడు రోజుల క్రితమే వచ్చాయనుకుంటేనే కదా అని. స్పాక్ తొణక్కుండా, తిన్న ధాన్యాన్నీ గిడ్డంగి పరిమాణాన్నీ కూడా లెక్కలోకి తీసుకున్నానంటాడు. ప్రేక్షకులు నవ్వేసి వదిలేసే ఈ మాటను కూడా సరిచూడవచ్చు. ఇక్కడి నుంచి నా ఊహలు, కాబట్టి అలాగే తీసుకోండి. పెద్ద ట్రిబుల్ అర లీటరు చోటు ఆక్రమిస్తుందనుకుందాం. 17,71,561 ట్రిబుల్స్‌కు సుమారు 886 ఘనమీటర్లు కావాలి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, తొమ్మిది మీటర్ల ఎత్తున్న గది చాలు. బొచ్చు ఎక్కువ కనుక ఒక్కోటి 200 గ్రాములనుకుంటే మొత్తం బరువు 354 టన్నులు. కిలో ఒళ్లు పెరగడానికి రెండు కిలోల గింజ పడుతుందనుకుందాం. మన బ్రాయిలర్ కోళ్లకు అంతకన్నా కొంచెం తక్కువే పడుతుంది. ఆ లెక్కన తిన్నది 708 టన్నులు. ఘనమీటరు గోధుమ సుమారు 780 కిలోలు తూగుతుంది. కాబట్టి 708 టన్నులకు 908 ఘనమీటర్లు కావాలి. అంటే గదికి సరిపడా ఉన్న ధాన్యం గదికి సరిపడా ట్రిబుల్స్‌గా మారింది! నా ఊహల్ని అటూ ఇటూ జరిపితే ఇంత చక్కగా కుదరదు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా స్పాక్ సమాధానంలో అసంబద్ధత మాత్రం లేదు.

కర్క్ సందేహం మాత్రం అతను అనుకున్నదానికన్నా పదునైనది. గాలి గొట్టాల్లోంచి దూరినవి ఒక్కటే ఎందుకవ్వాలి? పదకొండు దూరితే అదే అంకెకు 60 గంటలే పడుతుంది. 121 దూరితే 48 గంటలు. మొదట్లో ఎన్ని ఉన్నాయన్నదాంట్లో పదకొండు రెట్లు పొరబడినా గడువులో తేడా పన్నెండు గంటలే. ఇలా గుణకాల్లో పెరిగే వేటి విషయంలోనైనా మొదటి సంఖ్య గురించి వాదించుకోవడం దండగ, తరానికి ఎంతసేపు పడుతుందో కచ్చితంగా తెలుసుకోవడం ముఖ్యం. స్పాక్ అంతటివాడు ‘ఒక్క ట్రిబుల్’ అనే షరతును ప్రశ్నించకుండా వదిలేయడం నాకు కొంచెం వెలితే.

ఇప్పుడు అసలు లొసుగు. కింద పడినవాటిలో చాలా ట్రిబుల్స్ చచ్చిపోయి ఉంటాయి. మిగిలినవీ కొన ఊపిరితో ఉంటాయి. మెకాయ్ పరీక్షించి ధాన్యంలో విషం ఉందని కనిపెడతాడు. ధాన్యానికి ఒక వైరస్ పట్టించారు. అది తిన్నవాడి రక్తంలో చేరి జడపదార్థంగా మారుతుంది. తిన్నకొద్దీ పేరుకుంటుంది. రెండు మూడు రోజులకు ఒంటికి పోషణ అందకుండా చేస్తుంది. ధాన్యపు రాశి మీద కూర్చుని ఆకలితో చస్తాయన్నమాట. పన్నాగంగా ఇది చాలా తెలివైనది. వెంటనే చంపే విషమైతే మొదటి ముద్ద తిన్నవాడు పడిపోగానే మిగతావాళ్లు గ్రహిస్తారు. ఇది గ్రహం మీద వలసదారులందరూ కడుపునిండా తిన్నాకే బయటపడుతుంది.

కానీ ఇది స్పాక్ లెక్కతో పొసగదు. 72 గంటల దగ్గర, కనీసం రెండు రోజులుగా తింటున్నవి ఎన్ని? మొదటి 24 గంటల్లోపు పుట్టినవి మాత్రమే. అవి 121. పదిహేడు లక్షల్లో నూట ఇరవై ఒకటి! పదహారు లక్షల చిల్లర ట్రిబుల్స్ పుట్టి పన్నెండు గంటలైనా కాలేదు. వాటికి విషం పేరుకునే వ్యవధే లేదు. మరి అన్ని శవాలెక్కడివి? కథలోనే ఒక దారి ఉంది, రచయిత దాన్ని వాడుకోలేదు. కడుపుతోనే పుట్టే జంతువు కనుక తల్లి రక్తంలోని జడపదార్థం పిల్లకూ, పిల్ల కడుపులోని పిల్లకూ అందుతుందని మెకాయ్ చేత ఒక్క వాక్యం అనిపిస్తే సరిపోయేది. లేదంటే ఇంకో కారణం. మూసిన గదిలో జీవాలు పన్నెండు గంటల్లో పదకొండింతలై మూడు వందల టన్నులు దాటితే ఆ వేడికీ గాలి అందకపోవడానికీ చావడం ఖాయం. అలా చస్తే విషం సంగతి బయటపడదు, డార్విన్ పట్టుబడడు, కథ కంచికి వెళ్లదు. రచయిత ఎందుకు అటు పోలేదో అర్థమవుతుంది.

డార్విన్ అంటే ధాన్యం అధికారి నిల్జ్ బారిస్ దగ్గర సహాయకుడిగా చేరిన ఆర్న్ డార్విన్. అతను మనిషి వేషంలో ఉన్న క్లింగన్. మనుషుల చేతుల్లో హాయిగా కూసే ట్రిబుల్స్ క్లింగన్లను చూస్తే కీచుమంటాయి. కర్క్ ట్రిబుల్‌ను దగ్గరికి తేగానే గుట్టు రట్టవుతుంది. ఈ సంగతి అంతకుముందే మద్యం దుకాణంలో ఒక క్లింగన్ దగ్గరికి తేగానే ట్రిబుల్ అరవడంతో మన చెవిన వేసి ఉంచుతారు. మొదటిసారి చూసేటప్పుడు అది వట్టి హాస్యమనుకుంటాం. చివరికి ఇంజనీరు స్కాటీ నౌకలోని ట్రిబుల్స్ మొత్తాన్నీ క్లింగన్ నౌక ఇంజన్ గదిలోకి పంపించేస్తాడు. ఆ తర్వాత వాళ్ల గతేమిటో లెక్కగట్టడం పాఠకులకే వదిలేస్తున్నాను.

పుట్టుకతో కడుపు అనేది ఊహాలోకపు వింత అని కూడా మీ వ్యాసంలో ఉంది. పత్తి, మిరప, వేరుశనగ వేసే రైతులు దాన్ని ఏటా చూస్తున్నారు. పేనుబంక ఆడపురుగు మగపురుగు అవసరం లేకుండానే నేరుగా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు పుట్టేటప్పటికే వాటి లోపల తర్వాతి తరం పిండాలు తయారవుతూ ఉంటాయి. తరానికి వారం పది రోజులు. ట్రిబుల్ వేగం లేదు, సూత్రం అదే. మరి పేనుబంక భూమిని ఎందుకు కప్పేయలేదు? అక్షింతల పురుగులూ అల్లిక రెక్కల పురుగులూ తింటున్నాయి గనక. అతిగా మందు కొడితే ముందు ఇవి చస్తాయి, పేనుబంక రెట్టింపుగా తిరిగొస్తుంది. ట్రిబుల్స్ ఇబ్బంది కూడా అదే. వాటిని తినేవాళ్లు లేని చోటికి సైరానో జోన్స్ తీసుకొచ్చాడు. 1973లో వచ్చిన స్టార్ ట్రెక్ యానిమేషన్ సిరీస్‌లో రచయిత జెరాల్డే ట్రిబుల్స్‌ను తినే గ్లోమర్ అనే జంతువును సృష్టించి ఈ లోటు తీర్చాడు.

ధాన్యం సంగతికొస్తే, క్వాడ్రోట్రిటికేల్ కల్పన. ట్రిటికేల్ కల్పన కాదు. గోధుమనూ రై ధాన్యాన్నీ కలిపి చేసిన సంకరం అది. 1875లో స్కాట్లండ్‌లో విల్సన్ మొదట సంకరం చేసినప్పుడు మొక్క మొలిచింది, గింజ కట్టలేదు. కారణం క్రోమోజోములు. ఉదాహరణకు డ్యూరమ్ రకం గోధుమ తీసుకుంటే దానివి 28, రైవి 14. సంకరంలో ఒక్కోదాని సగం చేరి 21 అవుతాయి. వాటికి జతలు దొరకవు, అందువల్ల పుప్పొడి పనికిరాదు. 1930ల చివర్లో కాల్చిసిన్ అనే పదార్థంతో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయవచ్చని తెలిశాక 21 కాస్తా 42 అయి, ప్రతిదానికీ జత దొరికి, గింజ కట్టింది. ఆ తర్వాత కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో దాన్ని పంటగా తీర్చిదిద్దే పని సాగింది. ట్రిటికేల్ వంశం ఇరవయ్యో శతాబ్దపు కెనడా దాకా పోతుందని స్పాక్ అంటాడు. ఎపిసోడ్ రాసేనాటికి అది కల్పన కాదు, నడుస్తున్న వార్త. క్వాడ్రోట్రిటికేల్ రష్యా కనిపెట్టిందేనని నౌకలోని రష్యన్ అధికారి చెకోవ్ దబాయించడం మాత్రం మామూలు చెకోవ్ ధోరణి.

తెర మీద పదిహేడు లక్షలు నిజానికి ఐదు వందలు. కృత్రిమ బొచ్చు గుడ్డలో ఫోమ్ కూరి కుట్టించారు. నడిచే ఆటబొమ్మల యంత్రాలు పెట్టి కొన్నింటిని కదిలించారు. కర్క్ మీద మొదటి కుప్ప పడ్డాక కూడా ఒక్కొక్కటే వచ్చి నెత్తికి తగులుతూ ఉండటం గమనించే ఉంటారు. పైన కూర్చున్నవాళ్లు ఎక్కడ ఆపాలో తెలియక విసురుతూనే ఉన్నారు. దాదాపు ముప్పై ఏళ్లకు, 1996 నవంబర్‌లో, స్టార్ ట్రెక్‌లోనే తర్వాత వచ్చిన డీప్ స్పేస్ నైన్ సిరీస్‌వాళ్లు ఈ పాత దృశ్యాల్లోకే తమ పాత్రల్ని చొప్పించి కొత్త ఎపిసోడ్ తీసినప్పుడు అలా ఒక్కొక్కటే పడటానికి కథలోనే కారణం చెప్పారు. కర్క్‌ను చంపడానికి ఒక ట్రిబుల్‌లో బాంబు దాచి ఉంటారు. ఆ సిరీస్ పాత్రలు సిస్కో, డాక్స్ గిడ్డంగి లోపల ఒక్కో ట్రిబుల్‌నూ పరీక్షించి, బాంబు లేనిదాన్ని కిందికి విసిరేస్తుంటారు. డార్విన్‌గా మళ్లీ అదే నటుడు చార్లీ బ్రిల్. సెట్లో జరిగిన తడబాటును ఇంత ముచ్చటగా కథలో కలుపుకున్న సందర్భం టీవీలో ఇంకొకటి నాకు తోచడం లేదు.

సవరణ వేయమని అడగడం లేదు. మీ పిల్లల పేజీలో చోటుంటే ఈ లెక్క వేయండి. అంకె ముందే ఇవ్వకండి. షరతులు నాలుగూ ఇచ్చి, తల్లి చస్తే ఎంత, బతికి ఊరుకుంటే ఎంత, బతికి మళ్లీ ఈనితే ఎంత అని మూడు భాగాలుగా అడగండి. నాలుగో ప్రశ్నగా, గిడ్డంగి సగం కంటే తక్కువ నిండి ఉన్న ఆఖరి తరం ఏది, అప్పటికి ఎన్ని గంటలు గడిచాయి అని అడిగితే ఎక్కువమంది అక్కడ తడబడతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక లెక్కల మాస్టారు,
గుంటూరు జిల్లా